పారేయమన్న తోకముక్కలు

పోర్ట్ బ్లెయిర్ మిడిల్ పాయింట్‌లో మా ఇంటికి అప్పుడప్పుడు వ్యవసాయ శాఖలో కొత్తగా చేరిన మీలాంటి కుర్రాళ్లు, అమ్మాయిలు వస్తుంటారు. టీ తాగుతూ, "సార్, మీ సర్వీసులో మీరు చేసిన పెద్ద పని ఏమిటి?" అని అడుగుతారు. మర్యాదకి అడుగుతున్నారని నాకు తెలుసు. అయినా నోరు ఊరుకోదు. కొబ్బరి అనో, మిరియాలు అనో ఏదో ఒకటి గొప్పగా చెప్పి పంపేస్తాను. ఈసారి కాగితం మీద పెడుతున్నాను కాబట్టి నిజం చెబుతాను. నా సర్వీసులో జరిగిన అన్నింటికంటే మంచి పని, నేను వద్దన్నా జరిగింది. నా మాట వినని ఒక మనిషి వల్ల జరిగింది.

సునామీ వచ్చిన నాటికి నేను వండూర్ వైపున్న ఒక చిన్న నర్సరీకి ఇన్‌చార్జిని. ఇన్‌చార్జి అంటే ఏదో ఊహించుకోకండి. ఒక రేకుల షెడ్డు, నాలుగు మళ్లు, వెనక ఒక గుట్ట, ఒక వాచ్‌మన్, ఒక మజ్దూర్. ఆ మజ్దూర్ ఒక తెలుగావిడ, నాకంటే ఏడెనిమిదేళ్లు పెద్ద. ఆమె తండ్రి శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చి జెట్టీ పనిలో కుదురుకున్నాడట. ఆదివారం చర్చిలో ముందు వరసలో నిలబడి తెలుగు పాటలు గొంతెత్తి పాడేది. మిగతా ఆరు రోజులూ అదే గొంతుతో మా మీద అరిచేది. ఇద్దరం తెలుగువాళ్లమే అయినా నేను ఆమెను దీదీ అనే పిలిచేవాణ్ణి. ఇక్కడ అంతే, గడప దాటితే అందరూ దీదీలూ భయ్యాలే.

ఆమె మీద నాకున్న గౌరవం కొద్దీ దేవతలా వర్ణించేస్తానేమోనని భయంగా ఉంది. అందుకే ముందే చెప్పేస్తున్నాను. సోమవారాలు ఆలస్యంగా వచ్చేది. నా గొడుగు పట్టుకెళ్లి తిరిగి ఇవ్వలేదు. మంచి పార ఎక్కడో దాచిపెట్టి, తను తప్ప ఎవరూ వాడకుండా చూసుకునేది. కోపం వస్తే 'సారూ' అనడం మానేసి 'సాబ్' అనేది. ఆ 'సాబ్' విన్న రోజున నేనూ వాచ్‌మనూ ఆమెకు దూరంగా తిరిగేవాళ్లం.

సునామీ మా నర్సరీని పెద్దగా ముట్టుకోలేదు. కానీ చుట్టుపక్కల పల్లపు పొలాల్లోకి వచ్చిన సముద్రం మళ్లీ వెనక్కి పోలేదు. నేలే కుంగిపోయిందని తర్వాత పెద్దవాళ్లు వచ్చి చెప్పారు. దీదీ వాళ్ల వరి చేను అందులో పోయింది. ఇల్లు మిగిలింది గానీ, వాకిట్లో నిలబడితే చేను ఉండాల్సిన చోట ఉప్పునీళ్లు మెరిసేవి. అయినా నాలుగో రోజుకే పనిలోకి వచ్చేసింది. "ఇంటికాడ కూకుంటే ఆ నీళ్లే సూడాలి సారూ. ఇక్కడైతే గడ్డి పీక్కోవచ్చు" అంది.

జనవరి చివర్లో ఒకరోజు మా ఆఫీసర్ ఒక ముసలావిడను జీపులో తీసుకొచ్చారు. నికోబారీ ఆవిడ. కార్ నికోబార్ నుంచి ఓడలో తెచ్చి పోర్ట్ బ్లెయిర్ క్యాంపులో ఉంచినవాళ్లలో ఒకరు. కూడా ఆవిడ కూతురు ఉంది. ముసలావిడ ఒళ్లో ఒక బుట్ట, దాని మీద క్యాంపులో ఇచ్చిన దుప్పటి కప్పి ఉంది. దుప్పటి తీస్తే లోపల ఏడు పెండలం దుంపలు.

పెండలం మీకు తెలియనిది కాదు. తీగ పైకి పాకుతుంది, దుంప నేలలో మోచేయి పొడవున దిగుతుంది. ఇక్కడి బజారులో దాన్నే నికోబారీ ఆలూ అంటారు. కానీ ఆవిడ తెచ్చినది బజారులో దొరికే రకం కాదు. గోటితో గీసి చూపించింది. లోపల నేరేడు పండు రంగు.

ఆవిడ హిందీలో మెల్లగా చెప్పిన సంగతి ఇది. ఈ రంగు దుంప వాళ్ల అమ్మ తోటలో ఉండేది. ఆ తోట ఇప్పుడు సముద్రంలో ఉంది. ఎత్తు మీదున్న గుడిసెలో ఆరబెట్టి వేలాడదీసిన ఈ ఏడూ మాత్రమే మిగిలాయి. కూతురు వెళ్లి తెచ్చింది. క్యాంపులో అందరూ కాల్చుకు తిందామన్నారట. అక్కడ పెట్టే కిచిడీ ఆవిడకు సయించదు. అయినా ఆ బుట్టని పక్కన పెట్టుకుని పడుకుంది గానీ ఒక్క దుంప తెగనివ్వలేదు.

"వానల ముందు మా వాళ్లు తిరిగి వెళ్తారు బేటా. మావి ఐదిళ్లు. ఏడు దుంపలు అలాగే నాటితే ఒక్క ఇంటికి కూడా చాలవు. ఇవి ఎక్కువ చేసి ఇస్తావా?" అని అడిగింది.

నేను గుండె మీద చెయ్యేసుకుని మాటిచ్చాను. అంత ధైర్యం ఎక్కడిదంటే, అంతకు రెండేళ్ల ముందే మెయిన్‌లాండ్ వెళ్లి దుంప పంటల మీద శిక్షణ పొంది వచ్చాను. అక్కడ మాకు కంద కొయ్యడం నేర్పారు. కందకి పైన నడిమధ్యలో ఒకటే మొగ్గ ఉంటుంది. కోసిన ప్రతి ముక్కకీ ఆ మొగ్గలో కొంచెమైనా రావాలి, లేకపోతే ఆ ముక్క వృథా. అంతవరకు బాగానే నేర్చుకున్నాను. సర్టిఫికెట్‌కి ఫ్రేము కట్టించి షెడ్డులో తగిలించాను. అప్పట్నించి నర్సరీలో నేను చెప్పకుండా ఎవరూ దుంప మీద కత్తి పెట్టడానికి వీల్లేదు.

మార్చి నెలలో దుంపల తలభాగంలో, అంటే తీగ ఊడిన వైపున, చిన్న చిన్న బుడిపెలు కనిపించాయి. ఇక కొయ్యొచ్చు అనుకున్నాను. షెడ్డు ముందు గోనెపట్టా పరిచాం. దీదీ దావ్ కత్తి నూరి తెచ్చింది. నేను ఒక్కో దుంప తిప్పి చూస్తూ గీతలు గీస్తుంటే ఆమె కోసింది. తలభాగం ముక్కలు ఒక వైపు పేర్చాను. అవి పద్దెనిమిది వచ్చాయి. నడుము ముక్కలు, తోక ముక్కలు రెండో వైపు గుట్టగా పడ్డాయి. వాటి తోలు నున్నగా ఉంది, ఎక్కడా మొగ్గ జాడ లేదు.

"ఇవి పనికిరావు దీదీ. కుళ్లితే మంచివాటికి కూడా అంటుకుంటుంది. ఎరువు గొయ్యిలో పడేయ్" అన్నాను.

ఆమె కత్తి కింద పెట్టింది. "సారూ, ఇది కంద కాదండి. పెండలం. తోక కూడా మొలుస్తాది. కాపోతే లేటు."

"ఎక్కణ్ణుంచి మొలుస్తుంది? మొగ్గ ఏదీ? చూపించు."

"ఇప్పుడు కనపడదు. తోలు కిందన అదే పెట్టుకుంటాది. మాయమ్మ వంటకి తల కోసుకుని తోక పెరట్లో పాతీసేది. ఏడాదేడాదీ వొచ్చీది."

నేను నవ్వాను. నా నవ్వు చూసి వాచ్‌మన్ కూడా నవ్వాడు. "మీ అమ్మ ట్రైనింగ్ ఎక్కడ అయింది దీదీ?" అన్నాను. ఇన్నేళ్లయినా ఆ మాట తలుచుకుంటే సిగ్గేస్తుంది. హాస్యమాడాననుకున్నాను అప్పుడు.

ఆమె ఒక్క క్షణం నా వంక చూసి, "ఠీక్ హై సాబ్" అంది. ముక్కలన్నీ గంపకెత్తుకుని షెడ్డు వెనక్కి వెళ్లిపోయింది.

మీకు ఇప్పుడు ఒక ముక్క చెప్పాలి. ఆమె చెప్పిందే నిజం. పెండలానికి కందలా ఒకే చోట మొగ్గ ఉండదు. తోలు ఉన్న ఏ ముక్కైనా తన మొగ్గ తనే కట్టుకుంటుంది. తల ముందు మొలుస్తుంది, నడుము తర్వాత, తోక చివరికి. ఇది పుస్తకాల్లో కూడా ఉంది. నేను ఆ పేజీ దాకా వెళ్లలేదు, అంతే.

తల ముక్కలు నాటడానికి ఉన్నవాటిలో మంచి మడి ఎంచాం. కింద క్రీకు, అంటే సముద్రపు పాయ పక్కన, నల్లమట్టి మడి. ఆ ఎంపిక నాదీ దీదీదీ ఇద్దరిదీ. ఆమే "ఇందులో ఏది పాతినా లేస్తాది సారూ" అంది. నేను ఆ నర్సరీకి వచ్చినప్పట్నించీ ఆ మడి మునగడం చూడలేదు. తన చేను కళ్లముందే మునిగిన మనిషికి కూడా, ఈ మడి కూడా కుంగి ఉంటుందని తట్టలేదు. ఎన్నాళ్లుగానో తొక్కిన నేల మీద మనకుండే నమ్మకం అలాంటిది కాబోలు.

ఏప్రిల్ మధ్యకి మొలకలు రెండు వేళ్ల ఎత్తు లేచాయి. నేను క్యాంపుకి వెళ్లి ముసలావిడకి చెప్పి వచ్చాను కూడా. ఆవిడ నా చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

ఆ తర్వాతి పౌర్ణమి ఆదివారం పడింది. నర్సరీలో ఎవరూ లేరు. సోమవారం ఉదయం నేను బస్సు దిగేసరికి మడి మొత్తం తడిసి, మట్టి మీద తెల్లగా ఉప్పు చార కట్టి ఉంది. నిన్నటి పోటుకి క్రీకు నీళ్లు పైకి ఎక్కి వెళ్లాయన్నమాట. ఏం చెయ్యాలో ఆలోచించుకునేలోపే, పది గంటలప్పుడు, నా కళ్లముందే మళ్లీ ఎక్కాయి. అలల్లేవు, చప్పుడు లేదు. కాలువలో నీళ్లు నెమ్మదిగా ఉబ్బి, గట్టు మీదుగా జారి, మడిలోకి వచ్చి కూర్చున్నాయి. నేను, వాచ్‌మన్, దీదీ ఇసుక బస్తాలు వేశాం. దీదీ నడుముల్లోతు దిగి చేతులతో బురద ఎత్తి గట్టు కట్టింది. "జల్దీ వెయ్యి భయ్యా, జల్దీ!" అని వాచ్‌మన్ మీద కేకలు. నీళ్లు బస్తాల సందుల్లోంచి దారి చూసుకున్నాయి.

మంచినీళ్లు పోసి పోసి మడి కడిగాం. గురువారానికి మొలకలు నల్లబడ్డాయి. వేలితో తవ్వి చూస్తే ముక్కలు మెత్తగా జారిపోతున్నాయి. పద్దెనిమిదిలో ఒక్కటీ మిగల్లేదు.

షెడ్డు మెట్టు మీద కూర్చుని ఏడ్చాను. దాచుకోవడానికేముంది. ఒక తల్లి తోట మొత్తం నా చేతిలో పెడితే నేను ఉప్పునీళ్లలో పోశాను. తినకుండా దాచిన దుంపలు. దీదీ నా ముందే నిలబడి ఉంది. ఒక్క ఓదార్పు మాట లేదు. పార కడుక్కుని గుట్ట వైపు వెళ్లిపోయింది. ఎంత రాతి గుండె అనుకుని ఆమె మీద కోపం కూడా తెచ్చుకున్నాను.

తర్వాత మూడు నాలుగు వారాలు క్యాంపు ఉన్న దారిలో నడవలేదు. ఫెరార్గంజ్ వైపు, ఇంకా పైన ఊళ్లలో ఆ రంగు పెండలం ఎవరి దగ్గరైనా ఉందేమోనని సెలవు రోజుల్లో తిరిగాను. తెల్లది దొరికింది, పసుపుది దొరికింది. ఊదాది లేదు. ఇంతలో మే నెలలో ఓడ ఖాయమైందని, శనివారం ఆవిడ దుంపల కోసం వస్తుందని ఆఫీసర్ కబురు పెట్టారు. బస్సులో వెళ్తూ క్షమాపణ ఎలా చెప్పాలో హిందీలో వాక్యాలు కూర్చుకునేవాణ్ణి. పక్క సీటువాళ్లు నాకేదో పూనిందనుకుని ఉంటారు.

శనివారం ఉదయం జీపు వచ్చి ఆగింది. ముసలావిడ, కూతురు దిగారు. కూతురి చేతిలో రెండు ఖాళీ బుట్టలున్నాయి. ఆ ఖాళీ బుట్టలు చూడగానే నేను కూర్చుకున్న వాక్యాలన్నీ ఎగిరిపోయాయి.

"నానీ..." అని మొదలుపెట్టాను.

"సారూ! ఆగండి. ఓపాలి ఇలా రండి" అని గుట్ట మీంచి దీదీ కేక.

ఆ గుట్ట నేనెప్పుడూ ఎక్కేవాణ్ణి కాదు. జలగలంటే నాకు ఒళ్లు జలదరింపు, నర్సరీలో అందరికీ తెలుసు. ఆ రోజు జలగలు గుర్తుకు రాలేదు. ఎక్కాను. పైన పనసచెట్టు నీడలో చేపలు ప్యాక్ చేసే తెల్ల థర్మకోల్ పెట్టెలు వరసగా ఉన్నాయి, పదకొండు. అడుగున చిల్లులు పొడిచి, ఇసుకా కొబ్బరి పీచూ నింపి ఉన్నాయి. చాలా పెట్టెల్లోంచి మొలకలు లేచి ఉన్నాయి. సన్నగా, ఊదా రంగులో, కొన చుట్టుకుని.

మోకాళ్ల మీద కూర్చుండిపోయాను.

"ఆ రోజు మీరు పారీమన్నవే సారూ" అంది దీదీ. "గొయ్యిలో ఎయ్యలేకపోనాను. కోసినకాడ పొయ్యి బూడిద రాసి, రెండ్రోజులు అటక మీద ఆరబెట్టి, ఇందులో పెట్టినాను. మూడు పెట్టెలు నేనే పాడు సేసినాను, నీళ్లెక్కువైపోనాయి. మిగిలినవి ఇయ్యి."

"మరి నాకెందుకు చెప్పలేదు? నేను ఏడుస్తుంటే చూస్తూ నిలబడ్డావు కదా!"

"అప్పటికి ఒక్కటీ లెగలేదు సారూ. సెప్పినాక అయి కూడా సచ్చిపోతే, మీకు రెండో దెబ్బ. ఈ వారమే లెగిసినాయి, గుంపుగా."

"గుట్ట మీద ఎందుకు పెట్టావు? పోటు వస్తుందని ముందే అనుకున్నావా?"

దీదీ కొంగుతో మొహం తుడుచుకుంది. "పోటు ఎవలికి తెలుసు సారూ? మీకు కనపడకుండా పెట్టినాను."

ఉప్పునీళ్ల నుంచి ఆ దుంపల్ని కాపాడింది ముందుచూపు కాదు, నేనంటే ఉన్న భయం. మీ సీనియర్‌గా ఇది ఒప్పుకోవడం కష్టమే గానీ, ఒప్పుకోక తప్పదు.

వెనక నుంచి కూతురి భుజం పట్టుకుని ముసలావిడ ఎక్కి వచ్చింది. పెట్టెల ముందు కూర్చుంది. ఒక మొలక పక్కన పీచు తప్పించి, కింద ముక్క తోలు మీద వేలు పెట్టి చాలాసేపు రాసింది. నేను దాచకుండా చెప్పాను. మంచివనుకున్నవి నా చేతుల్లో పోయాయని, మొగ్గ లేదని ఇవి పారేయమన్నానని, ఈవిడ నా మాట వినలేదని.

ఆవిడ నా మీద కోప్పడలేదు. దీదీ వైపు తిరిగి, "నువ్వెందుకు ఉంచావు?" అని అడిగింది.

దీదీ తనకొచ్చిన హిందీలో, "నువ్వు ఆకలేసినా తినలేదు కదా నానీ. నేనెలా పారేస్తాను?" అంది.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఒకావిడ తోట సముద్రంలో ఉంది, ఇంకొకావిడ చేను సముద్రంలో ఉంది. నేను అక్కడ ఉన్న సంగతి కాసేపు ఇద్దరూ మర్చిపోయారు. తర్వాత ముసలావిడ నా వైపు చూసి నవ్వింది. "మొగ్గ చూసి కోశావా? మా అమ్మకి చివర్లో చూపు లేదు బేటా. తడుముతూ కోసేది. అన్నీ మొలిచేవి."

పెట్టెలు జీపుకి మోశాం. పెద్ద రిపోర్టు రాయమంటే, ఈ పని చేసింది దీదీ అని పేరుతో సహా రాశాను. టైపై వచ్చిన కాగితంలో ఆమె పేరు లేదు, నాది ఉంది. అడిగితే మజ్దూర్ పేరు వేసే గడి ఫారంలో లేదన్నారు. ఒకసారి అడిగి ఊరుకున్నాను. రెండోసారి అడగాల్సింది. దీదీకి చెబితే, "నా పేరుతో దుంప ఊరుతాదేటి సారూ?" అని తీసిపారేసింది. ఆమె తీసిపారేసినంత మాత్రాన నా తప్పు పోదు. మీలో ఎవరికైనా అలాంటి గడి లేని ఫారం వస్తే, మార్జిన్‌లోనైనా రాయండి.

ఓడ వెళ్లిన రెండు నెలలకి కార్ నికోబార్‌లో పనిచేసే మా వాడొకడు ఫోన్ చేశాడు. ఎత్తు మీద కొత్త తోటలో ఐదిళ్లవాళ్లూ కర్రలు పాతి తీగలు ఎక్కించారట. ఆ వార్త విన్న రోజు నేను స్వీట్లు కొని ఆఫీసంతా పంచాను. ఎందుకని అడిగితే, మనవడు పుట్టాడని చెప్పాను. అప్పటికి నా కొడుక్కి పెళ్లే కాలేదు.

ఇంకొక్క సంగతి ఉంది. ఆ శనివారం జీపు ఎక్కేముందు ముసలావిడ ఆఖరి పెట్టెలోంచి ఒక ముక్క తీసింది. అన్నింట్లోకీ చిన్నది, కొసాకరి తోక. ఇంకా మొలవలేదు. దాన్ని నా అరచేతిలో పెట్టి, వేళ్లు ముడిచింది. "ఇది నువ్వు పెంచు" అంది. శిక్షో, నమ్మకమో నాకు అర్థం కాలేదు. అడిగే ధైర్యం లేక తలూపాను.

మిడిల్ పాయింట్‌లో అద్దె ఇంటి వరండాలో, పగిలిన బకెట్టులో మట్టి నింపి దాన్ని పాతాను. మే అయిపోయింది. వానలు మొదలయ్యాయి. జూన్ సగం గడిచింది. ఏమీ లేదు. రోజూ పొద్దున్న మట్టి తప్పించి చూసేవాణ్ణి. నున్నటి తోలు, అంతే. మా ఆవిడ, "కుళ్లిపోయింది, ఆ బకెట్టు అవతల పారేయండి, దోమలు" అని పోరు పెట్టింది. దీదీకి చెబితే, "గెలకకండి సారూ, దానికి సిగ్గు" అంది. గెలకడం మానేశాను. పారేయడానికి చెయ్యి రాలేదు. మొలిచినా మొలవకపోయినా అది అక్కడే ఉండనీ అని నిశ్చయించుకున్నాను.

జూన్ చివర్లో ఒక ఆదివారం, వాన వెలిసిన తర్వాత, బకెట్టు మధ్యలో ఊదా రంగు కొన కనిపించింది. బియ్యపుగింజంత. నాకప్పుడు నలభై దాటి చాలాకాలమైంది. చొక్కా గుండీలు కూడా సరిగ్గా పెట్టుకోకుండా బస్సు ఎక్కి వండూర్ వెళ్లాను. దీదీ అప్పుడే చర్చి నుంచి వచ్చి, మంచి చీర మార్చకుండానే వాకిట్లో గిన్నెలు తోముకుంటోంది.

"దీదీ! తోక మొలిచింది!" అని గేటు దగ్గర్నించే అరిచాను.

ఆమె తలెత్తి, నా చొక్కా వంకా మొహం వంకా చూసి, నోరంతా తెరిచి నవ్వింది.

"పారెయ్యలేదన్నమాట సారూ!"